మన ముందు కూర్చున్న పిల్లలకే లెక్కలు

1985లో అమెరికాలో ఒక చిన్న కాలేజీ నుంచి 184 మంది గణితం ప్రధానాంశంగా డిగ్రీ తీసుకున్నారు. ఆ ఏడాది దేశం మొత్తమ్మీద అంతకంటే ఎక్కువమంది గణిత పట్టభద్రులను తయారుచేసిన విద్యాసంస్థలు రెండే రెండు. ఆ రెండూ కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన పెద్ద క్యాంపస్‌లు. ఈ కాలేజీ మాత్రం న్యూయార్క్ రాష్ట్రంలో ఉత్తరపు కొసన, కెనడా సరిహద్దుకు దగ్గరలో, పాట్స్‌డామ్ అనే ఊళ్లో ఉంది. అక్కడ డిగ్రీ పొందినవాళ్లలో దాదాపు నాలుగోవంతు మంది గణితం చదివినవాళ్లే. అప్పట్లో దేశం సగటు చూస్తే గణితం తీసుకునేది నూటికి ఒకరో ఇద్దరో.

ఈ సంగతి విని నమ్మలేక, కెనడాలోని కార్ల్‌టన్ యూనివర్సిటీ గణితాచార్యుడు జాన్ పోలండ్ స్వయంగా వెళ్లి చూసొచ్చాడు. 1987లో అమెరికన్ మ్యాథమెటికల్ మంత్లీ అనే గణిత పత్రికలో దాని గురించి రాశాడు. ఇది ఈ కాలపు అద్భుత కథా అని శీర్షికలోనే ప్రశ్నార్థకం పెట్టాడు. ఈ వేసవిలో ఒక స్నేహితురాలు ఆ వ్యాసం పంపింది. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి నాకు నచ్చుతుందనుకుని పంపింది. నచ్చడం మాట అటుంచి, చదివిన దగ్గర్నుంచీ నాకు నిలకడ లేదు. చదువులో వెనకబడ్డ పిల్లలకు సాయం పేరుతో మనం చేస్తున్న పనిలో చాలా భాగం తలకిందులుగా ఉందని నాకు ఎన్నాళ్లుగానో అనుమానం. దాన్ని తేల్చుకోవడానికి ఒక మనిషి జీవితం దొరికింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ మనిషి పేరు క్లారెన్స్ స్టీఫెన్స్. పాట్స్‌డామ్ గణిత శాఖకు 1969 నుంచి 1987 దాకా అధిపతి.

లైబ్రరీ కోసం వచ్చినవాడు

స్టీఫెన్స్ 1917లో సౌత్ కరోలినాలోని గాఫ్నీలో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. ఆరుగురు పిల్లల్లో ఐదోవాడు. రెండేళ్లప్పుడు తల్లి పోయింది, ఎనిమిదేళ్లకు తండ్రి పోయాడు. అమ్మమ్మ చేరదీస్తే రెండేళ్లు తిరక్కుండానే ఆవిడా పోయింది. తర్వాత అక్క దగ్గర పెరిగాడు. హార్బిసన్ అనే హాస్టల్ బడిలో చదువుకున్నాడు. తోబుట్టువులంతా జాన్సన్ సి. స్మిత్ యూనివర్సిటీలో గణితమే చదివారు. ఇతనూ అక్కడే 1938లో డిగ్రీ పూర్తిచేశాడు. 1943లో మిషిగన్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ. అమెరికాలో గణితంలో పీహెచ్‌డీ పొందిన నల్లజాతివాళ్లలో తొమ్మిదోవాడని చెబుతారు.

ఆ కాలం ఎలాంటిదో తెలియాలంటే ఒక్క సంగతి చాలు. రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం పుణ్యాన మన స్టాటిస్టిక్స్ విద్యార్థులందరికీ సి. ఆర్. రావు పేరు పక్కన డేవిడ్ బ్లాక్‌వెల్ పేరు తెలుసు. బ్లాక్‌వెల్ స్టీఫెన్స్ కంటే రెండేళ్లు చిన్నవాడు, అతనూ నల్లజాతివాడే. ఇరవై రెండేళ్లకే పీహెచ్‌డీ చేసి 1941లో ప్రిన్‌స్టన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీ అనే పరిశోధన సంస్థకు వెళ్తే, పక్కనే ఉన్న ప్రిన్‌స్టన్ యూనివర్సిటీ అతన్ని ఉపన్యాసాలకు రానివ్వలేదు. అంతటి ప్రతిభావంతుడికే అలా జరిగిన రోజులు. స్టీఫెన్స్ ఉద్యోగం కోసం చూసుకునేటప్పుడు అతని ముందున్న దారులెన్నో ఊహించవచ్చు.

నేవీలో పనిచేసి వచ్చాక టెక్సస్‌లోని ప్రెయిరీ వ్యూలో ఒక ఏడాది పాఠాలు చెప్పి, 1947లో బాల్టిమోర్‌లోని మోర్గన్ స్టేట్ కాలేజీలో గణిత శాఖాధిపతిగా చేరాడు. నల్లజాతి విద్యార్థుల కోసం పెట్టిన కాలేజీ అది. పాఠాలు చెప్పాలన్న తపనతో చేరలేదు. పరిశోధన చేసుకోవాలనేదే కోరిక. అదే ఊళ్లో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ లైబ్రరీ ఉంది, దగ్గరలో ఉంటే వాడుకోవచ్చని ఒప్పుకున్నాడు. తీరా వచ్చి చూస్తే పిల్లలకు గణితం చెబుతున్న తీరు అతనికి భరించరానిదిగా కనిపించింది. దాంతో జీవితం పక్కకు తిరిగింది. పరిశోధన వెనక్కి పోయి పిల్లలు ముందుకొచ్చారు.

ఈ మలుపు గురించి చదివేటప్పుడు నాకు ఒక సందేహం వదల్లేదు. ఇది త్యాగమేనా, లేక నల్లజాతి గణితజ్ఞుడికి పరిశోధన దారులు మూసుకుపోయి ఉండటం వల్ల వచ్చిందా? వెనకబడ్డ పిల్లల్ని పైకి తెచ్చే బాధ్యత ఎప్పుడూ ఆ వర్గంలోంచి పైకొచ్చిన నలుగురైదుగురి మీదే పడుతుంది. మిగతావాళ్లు ప్రిన్‌స్టన్‌లో సిద్ధాంతాలు రాసుకుంటారు. వీళ్లు పొద్దున్నుంచీ రాత్రి దాకా పిల్లల్ని కాచుకుంటారు. స్టీఫెన్స్ 1953–54లో అదే ప్రిన్‌స్టన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక ఏడాది గడిపాడు కూడా. తర్వాత మళ్లీ మోర్గన్‌కే వచ్చాడు. ఇష్టపడే వచ్చాడని అతని తర్వాతి ముప్పై ఏళ్లు చెబుతున్నాయి. కానీ ఇష్టపడి ఎత్తుకున్న బరువైనా, ఎవరి భుజాన పడిందో మాట్లాడుకోవాల్సిందే.

మోర్గన్‌లో ఏం జరిగిందో చెప్పడానికి ఒకే తరగతిలో కలిసి చదువుకున్న ముగ్గురు చాలు. ఎర్ల్ బార్న్స్, ఆర్థర్ గ్రెయింజర్, స్కాట్ విలియమ్స్. ముగ్గురూ గణితంలో పీహెచ్‌డీలు చేశారు. దేశం మొత్తంలో నల్లజాతి గణిత డాక్టరేట్లను వేళ్ల మీద లెక్కపెట్టే రోజులు అవి. ఒక్క కాలేజీలో, ఒక్క బ్యాచ్‌లో ముగ్గురు. ఈ స్కాట్ విలియమ్సే తర్వాత బఫలో యూనివర్సిటీలో ఆచార్యుడై, ఆఫ్రికా మూలాలున్న గణితజ్ఞుల జీవితాలన్నీ ఇంటర్నెట్‌లో ఒకచోట చేర్చిపెట్టాడు. గురువు చేసినదాన్ని శిష్యుడు లోకానికి కనబడేట్టు చేశాడు.

అతను చేసింది ఏమిటి

పాట్స్‌డామ్‌కు వెళ్లి చూసినవాళ్లందరికీ ఎదురైన ఇబ్బంది ఒకటే. చూపించడానికి అక్కడ ఏమీ లేదు. ప్రత్యేక పుస్తకాలు లేవు, యంత్రాలు లేవు, కొత్త సిలబస్ లేదు. దిలీప్ దత్తా అనే గణితాచార్యుడు 1993లో పాట్స్‌డామ్ పద్ధతి మీద పుస్తకమే రాశాడు. అక్కడ కనిపించేది ఒక రకమైన వాతావరణం, దాన్ని నిలబెట్టిన కొన్ని పట్టుదలలు.

మొదటిది, మన ముందున్న పిల్లలకే పాఠం చెప్పాలి, ఉంటే బాగుండుననుకునే పిల్లలకు కాదు అని స్టీఫెన్స్ తన శాఖలోని వాళ్లకు చెబుతూ ఉండేవాడు. రెండోది, విద్యార్థి గణిత పుస్తకాన్ని తనంతట తాను చదివి అర్థం చేసుకునే స్థితికి రావాలి. అందుకని ఎంత సిలబస్ అయిందన్నదాని కంటే ఎంత లోతుగా పట్టుబడిందన్నది చూసేవాళ్లు. మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. కొత్తగా వచ్చిన పిల్లలకు ఆదర్శంగా చూపించడానికి గాస్, ఆయిలర్ లాంటి మహా గణితజ్ఞులను తెచ్చి పెట్టలేదు. నిన్నటిదాకా వీళ్లలాగే తడబడి, ఇప్పుడు ధైర్యంగా నిరూపణలు రాస్తున్న పై తరగతి వాళ్లను చూపించారు.

నిరూపణలు అన్నాను. అక్కడ గణితాన్ని పలచన చేయలేదు. సమితులు, తర్కం, నిరూపణ, అన్నీ ఉన్నాయి. ప్రతిభ ఉన్నవాళ్లకు నాలుగేళ్లలోనే బీఏ, ఎంఏ రెండూ ముగించే ఏర్పాటు కూడా ఉంది. తగ్గించింది భయాన్నీ తొందరనూ.

ఇంకో విషయం చెప్పకపోతే కథ సగమే. పాట్స్‌డామ్ విద్యార్థులు ఎక్కువగా తెల్లవాళ్లు, చిన్న ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. నల్లజాతి పిల్లల కాలేజీలో పుట్టిన పద్ధతి, వాళ్లను పైకి తేవడానికి పుట్టిన పద్ధతి, తెల్ల పల్లెటూరి పిల్లల దగ్గరా పనిచేసింది. వెనకబడ్డవాళ్ల కోసం చేసేది మంచి బోధనకు కాస్త కింది మెట్టు అని మనలో ఒక నమ్మకం పాతుకుపోయింది. స్టీఫెన్స్ జీవితం దానికి ఎదురు సాక్ష్యం.

సీ గ్రూపు

ఇప్పుడు మన బడికి వస్తాను. పదో తరగతి పరీక్షలు దగ్గర పడుతుంటే ప్రభుత్వ బడుల్లో ఏం జరుగుతుందో మా తోటి టీచర్లకు చెప్పక్కర్లేదు. పిల్లల్ని ఏ, బీ, సీ అని గ్రూపులు చేస్తాం. సీ గ్రూపు పిల్లల్ని తలా కొందరిని దత్తత తీసుకోమంటారు. సాయంత్రం స్టడీ అవర్స్. వాళ్ల చేతికి సన్నటి జిరాక్సు మెటీరియల్ ఒకటి ఇస్తాం. గ్రాఫు ఒకటి, సరూప త్రిభుజాల నిర్మాణం ఒకటి, సగటు పట్టిక ఒకటి, కొన్ని ఒక్క మార్కు బిట్లు. ఇవి పదేపదే చేయిస్తే 35 మార్కులు గట్టెక్కుతాయి. సిద్ధాంతాలు, నిరూపణలు అందులో ఉండవు.

ఒక ఏడాది గదులు చాలక ‘ఏ’, ‘సీ’ గ్రూపులు రెండింటినీ ఒకే గదిలో కూర్చోబెట్టాను. ‘ఏ’ గ్రూపుకు √2 కరణీయ సంఖ్య, అంటే భిన్నంగా రాయలేని సంఖ్య, అన్న నిరూపణ చెబుతున్నాను. √2ని p/q అనే భిన్నంగా రాయగలమనుకుందాం, కొట్టివేతలన్నీ అయిపోయిన భిన్నం. చివరికి pని, qని రెండింటినీ రెండు భాగిస్తుందని తేలుతుంది. ఇది విరుద్ధం. ‘ఏ’ గ్రూపు పిల్లలు తల వంచి రాసుకుంటున్నారు. సీ గ్రూపులోంచి గ్రాఫు గీస్తున్న ఒకబ్బాయి తలెత్తి అడిగాడు: "రెండూ రెండుతో పోతే ఏమైంది మేడం, ఇంకోసారి కొట్టేద్దాం."

మొత్తం నిరూపణలో ప్రాణం ఉన్నది సరిగ్గా అక్కడ. మళ్లీ కొట్టేస్తే? మళ్లీ అదే పరిస్థితి. మళ్లీ కొట్టేస్తే? మళ్లీ. పూర్ణసంఖ్యలు ఎంతకాలమని సగమవుతూ పోతాయి? ఎక్కడో ఒకచోట ఆగాలి కదా. ‘ఏ’ గ్రూపులో ఎవరికీ ఈ ప్రశ్న రాలేదు. వాళ్లకు తెలివి లేక కాదు, నిరూపణ కంఠస్థం అయిపోయింది కాబట్టి. ఈ అబ్బాయికి మాత్రం అది వినికిడికి కొత్త. ఆ గంటంతా మేమందరం కొట్టివేతల వెంట పడ్డాం. గంట కొట్టాక ఆ అబ్బాయి తన జిరాక్సు కాగితాలు తిరగేసి, "ఇది మా దాంట్లో లేదు కదా మేడం" అన్నాడు. రాసుకోవాలా వద్దా అని అడగడం అది.

ఆ అబ్బాయి తర్వాత గొప్పవాడయ్యాడని చెప్పడానికి లేదు. మామూలు మార్కులతో పాసయ్యాడు. నేను చెప్పాలనుకున్నది వేరు. గణితం ఎవరిదో, ఎవరిది కాదో ఆ కాగితాలు వాడికి ముందే చెప్పేశాయి. బిడ్డ ఆకలి మీద ఉంటే గంజి పైతేట పోసి పథ్యం అన్నట్టు ఉంటుంది ఆ మెటీరియల్.

స్టాఫ్ రూమ్‌లో నాకు ఎదురైన మాట

ఈ వాదన నేను స్టాఫ్ రూమ్‌లో పెడితే మా సీనియర్ మాస్టారు ఒకాయన నన్ను ఆపారు. "అమ్మా, నీ నిరూపణలు బాగానే ఉన్నాయి. ఆ పిల్ల ఫెయిలైతే జూన్ నాటికి పెళ్లి చేస్తారు. ఆ పిల్లాడు ఫెయిలైతే సెంట్రింగ్ పనికి పోతాడు. ముందు పాస్ కానీ." ఆయన ఎన్నో బ్యాచ్‌లను గట్టెక్కించినవాడు. కొంతమంది ఆడపిల్లలు ఇవాళ నర్సులుగా, టీచర్లుగా ఉన్నారంటే ఆ 35 మార్కుల మెటీరియల్ పుణ్యమే. దాన్ని నేను తక్కువ చేయను. ఫిబ్రవరి నెలలో, పరీక్ష ఇంకో నెల ఉందనగా, ఆయన చెప్పిందే సరైన పని.

నా గొడవ ఫిబ్రవరితో కాదు, జూన్‌తో. జూన్‌లో బడి తెరిచినప్పుడే మన మనసుల్లో సీ గ్రూపు తయారై ఉంటుంది. ఆరో తరగతిలోనే కొందరి విషయంలో తేల్చేసుకుంటాం. ఆ పిల్లాడిని బోర్డు దగ్గరికి పిలవడం మానేస్తాం. నాలుగేళ్లు అలా గడిచాక ఫిబ్రవరిలో ఇక చేయగలిగింది ఆ కాగితాలే. ప్రైవేటు కాలేజీల్లో ఇది ఇంకా బాహాటం. వారాంతపు పరీక్ష మార్కుల్ని బట్టి సెక్షన్లు మారుతుంటాయి, మంచి లెక్చరర్లు మొదటి సెక్షన్లకు పోతారు. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకు తక్కువ అనుభవం ఉన్న లెక్చరర్ దొరుకుతాడు.

ఏరి తెచ్చుకుంటే చాలదా

దీనికి ఇంకో జవాబు ఉంది. అందరితో పెట్టుకోవడం దేనికి, పేద పిల్లల్లో చురుకైనవాళ్లను ఏరి మంచిచోట వేస్తే సరిపోతుంది కదా అంటారు. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టినప్పుడు పల్లెటూరి బడుల పిల్లల్ని పదో తరగతి మార్కులతోనే తీసుకున్నారు, తర్వాత గ్రేడ్ పాయింట్లు వచ్చాక ప్రభుత్వ బడుల వాళ్లకు 0.4 పాయింట్లు కలిపారు. నాకు ఆ ఆలోచన ఎంతో గౌరవనీయంగా కనిపిస్తుంది. మా చుట్టుపక్కల ఊళ్ల నుంచి వెళ్లిన పిల్లల్ని చూశాను. తలుపు తీయడం చిన్న విషయం కాదు.

తలుపు తీశాక లోపల ఏం జరుగుతుందో యూరి ట్రైస్‌మన్ చేసిన పని చెబుతుంది. 1970లలో కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీ క్యాంపస్‌లో అతను గణితం పరిశోధక విద్యార్థి. కాల్‌క్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎందుకు ఫెయిలవుతున్నారు, చైనా మూలాల విద్యార్థులు ఎందుకు బాగా చేస్తున్నారు అన్నది అతని ప్రశ్న. అధ్యాపకులను అడిగితే నాలుగు కారణాలు చెప్పారు: పట్టుదల లేదు, పునాది లేదు, ఇంట్లో పట్టించుకోరు, డబ్బు లేదు. ట్రైస్‌మన్ రెండు వర్గాల నుంచి ఇరవైమంది చొప్పున తీసుకుని, వాళ్ల గదులకు వెళ్లి, ఎలా చదువుతున్నారో నెలల తరబడి చూశాడు. నాలుగు కారణాల్లో ఒక్కటీ నిలబడలేదు. నల్లజాతి పిల్లలు తమ బడుల్లో ఫస్టు వచ్చినవాళ్లు, తల్లిదండ్రులు ఎంతో ఆశతో పంపినవాళ్లు. ఎన్ని గంటలు చదవమంటే అన్ని గంటలు చదివారు. ఇరవైమందిలో పద్దెనిమిది మంది ఒంటరిగా చదివారు. చైనా పిల్లలు మాత్రం విడిగా చదివాక ఒకచోట చేరేవాళ్లు, ఒకరి లెక్క ఒకరు చూసేవాళ్లు, ఏ లెక్క అందరికీ రాలేదో తెలిసేది. ఒంటరివాడికి లెక్క రాకపోతే అది లెక్క కష్టమో తన లోపమో తెలిసే దారి లేదు. తన లోపమే అనుకుంటాడు.

ట్రైస్‌మన్ దీనికి విరుగుడుగా వెనకబడ్డవాళ్ల కోసం పెట్టే రెమెడియల్ క్లాసు పెట్టలేదు. ఆ పిల్లలు దాని గడప తొక్కరు, తొక్కమనడం అవమానం. ప్రతిభావంతుల కోసం అని ప్రకటించి వర్క్‌షాపు పెట్టాడు. క్లాసులో ఇచ్చేవాటి కంటే కష్టమైన లెక్కలు ఇచ్చి గుంపులుగా కూర్చోబెట్టాడు. పరిస్థితి మారిపోయింది. స్టీఫెన్స్ మోర్గన్‌లోనూ పాట్స్‌డామ్‌లోనూ ఏ నమ్మకంతో పనిచేశాడో ఇతనూ వేరే దారిలో అక్కడికే చేరాడు.

ఊళ్లో ఫస్టు వచ్చిన పిల్ల ఆ ఎంపికలో గెలిచి, ఇంగ్లీషు మీడియం ఇంజనీరింగ్ క్లాసులో వెనక బెంచీలో నోరు విప్పకుండా కూర్చోవడం మనకు తెలియని దృశ్యమా? ఆ పిల్లకు హాస్టల్ గదిలో పక్కన కూర్చుని లెక్క చేసే నలుగురు కావాలి. పైసంవత్సరంలో తన యాసలోనే మాట్లాడే అక్క ఒకావిడ కావాలి. స్కాలర్‌షిప్పుకు లెక్కలుంటాయి, బడ్జెట్ ఉంటుంది. దీనికి ఏ కాగితం మీదా గడి ఉండదు.

నాకు ఇంకా తేలనివి

పాట్స్‌డామ్ గురించి అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. అంతమంది పాసయ్యారంటే పరీక్షలు సులువుగా పెట్టలేదు కదా? పోలండ్ కూడా ఈ అనుమానంతోనే వెళ్లాడు. తిరిగొచ్చి రాసిందాంట్లో అతనికి కనిపించింది చవకబారుతనం కాదు, ఆత్మవిశ్వాసం. కాలేజీలో హానర్స్ తెచ్చుకున్నవాళ్లలో నూటికి నలభైమందికి పైగా గణితం వాళ్లే. మిగతా సబ్జెక్టుల్లోనూ వాళ్లు బాగా చేస్తున్నారంటే గణిత శాఖ మార్కులు ఊరికే పంచిందన్న మాట నిలవదు. కానీ ఆ 184 మందిలో ఎక్కువమంది పరిశోధకులు కాలేదు, ఉద్యోగాల్లోకి వెళ్లారు. దీన్ని కొందరు లోపంగా చూస్తారు. నేను అలా చూడలేను. గణితం చదివిన బ్యాంకు ఉద్యోగి, గణితం చదివిన టీచరు ఉండటం ఒక సమాజానికి ఎంత బలమో మా ఊరి లాంటి చోట్ల తెలుస్తుంది.

నన్ను నిజంగా కలవరపెట్టేది వేరే. ఇదంతా ఒక్క మనిషి మీద నిలబడిందేమో. స్టీఫెన్స్ మోర్గన్‌లో పదిహేనేళ్లు, న్యూయార్క్ రాష్ట్రంలోనే ఉన్న జెనిసియో కాలేజీలో ఏడేళ్లు, పాట్స్‌డామ్‌లో పద్దెనిమిదేళ్లు ఉన్నాడు. వెళ్లిన ప్రతిచోటా వెలుగొచ్చింది. వచ్చిన చోటల్లా వచ్చిందంటే పద్ధతిలో సత్తువ ఉందని ఒక అర్థం. అతను లేనిచోట ఎంత నిలిచింది అన్నది ఇంకో ప్రశ్న. ఒక మంచి హెడ్మాస్టరు బదిలీ అయిపోతే బడి ఎలా జారిపోతుందో చూసినవాళ్లం మనం. తోటి అధ్యాపకుల్ని ఏ ఒక్క పద్ధతికీ కట్టిపడేయలేదని, ఎవరి తీరులో వాళ్లను చెప్పనిచ్చాడని రాశారు. అందువల్లే శాఖ మొత్తం అతనితో నడిచింది. అందువల్లే అతను రాసిచ్చిపోగలిగిన నియమావళి ఏదీ మిగల్లేదు కూడా.

మన దగ్గర ఎనభైమంది పిల్లలకు ఒక లెక్కల టీచరు, పైన ఆన్‌లైన్ హాజరు, శిక్షణలు, ఎన్నికల డ్యూటీ. ఒక్కో పిల్లను నమ్మి కాచుకునే తీరిక ఎక్కడిదని అడిగితే నా దగ్గర పూర్తి జవాబు లేదు. అయినా స్టీఫెన్స్ మోర్గన్‌లో అడుగుపెట్టినప్పుడు అక్కడి పరిస్థితి మనకంటే మెరుగ్గా ఏమీ లేదు. అతను ముందు మార్చింది గదుల్నీ సామగ్రినీ కాదు, పాఠం ఎవరికి అన్న లెక్కను.

ఈసారి మా మండలంలో లెక్కల టీచర్ల కాంప్లెక్స్ సమావేశంలో నేను పెట్టబోయే ప్రతిపాదన చిన్నది. సీ గ్రూపు మెటీరియల్ ఉండనీ, 35 మార్కులు తప్పనిసరి. అందులో ఒక్క నిరూపణ పూర్తిగా చేర్చుదాం, పరీక్షకు వచ్చినా రాకపోయినా. ఎనిమిదో తరగతి నుంచీ వారానికి ఒక గంట గ్రూపుల తేడా లేకుండా పిల్లల్ని నలుగురేసి కూర్చోబెట్టి, పాఠ్యపుస్తకం కంటే కాస్త కష్టమైన లెక్క ఒకటి ఇద్దాం. పదో తరగతి పాసై ఇంటర్ చదువుతున్న మన పాత పిల్లల్ని, ఫస్టు వచ్చినవాళ్లను కాదు, కిందా మీదా పడి నెగ్గుకొచ్చినవాళ్లను, ఆ గంటకు పిలుద్దాం. వ్యతిరేకించే మాస్టారు ఎవరో నాకు ముందే తెలుసు. ఆయన ఒప్పుకుంటే మొదటి గంట ఆయన్నే తీసుకోమని అడుగుతాను.